గురువారం తూకం

బావకు,

నీ మరదలు రాస్తున్నది. ఈ ఉత్తరం చేతికొచ్చేసరికి నువ్వు టవరు మీద ఉంటే దీన్ని జేబులో పెట్టుకుని కిందికి దిగు. నడుముకున్న తాడు విప్పి, నేల మీద కూర్చుని, అప్పుడు చదువు. నువ్వు మొండిఘటానివి, అందుకే రెండోసారి చెబుతున్నాను, దిగి చదువు. మొదట రాయాల్సిన క్షేమ సమాచారం ఈసారి చివర రాస్తాను.

నీ ఉత్తరం పోయిన నెల ఇరవయ్యో తేదీన వచ్చింది. కవరు నిండా టవర్లకు నువ్వు పూసే వెండి రంగు వేలిముద్రలు. అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "కొడుకు వాసన రాలేదే, రంగు వాసనే వచ్చింది" అంది. మీ గుడారాలకు సరుకుల లారీ నెలకొక్కసారే వస్తుంది, ఫోన్లు అందవు. అంచేత నువ్వడిగినవన్నీ పూసగుచ్చినట్టు చెబుతాను.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా అన్నావు. కారుతోంది. కింద గిన్నె పెట్టాం. అది నిండినప్పుడల్లా నిన్ను తలుచుకుంటున్నాం, ఏమని తలుచుకుంటున్నామో మాత్రం అడక్కు. అత్త మోకాళ్ళ సంగతి అడిగావు. మోకాళ్ళు సెలవు పెట్టాయి గానీ నోరు రెండు షిఫ్టులు పనిచేస్తోంది. ఈమధ్య టవరు ఎక్కుతుంటే ఒళ్ళు బరువెక్కినట్టుందని, తాడు కిర్రుమంటోందని, మేస్త్రీ పెట్టే తిండి ఒంటబట్టినట్టుందని నవ్వుతూ రాశావు. నేను మాత్రం ఆ వాక్యాన్ని నవ్వుతూ చదవలేకపోయాను. ఎందుకో చివర చెబుతాను.

కవలలిద్దరిలో ముందు బోర్లాపడింది ఎవరని అడిగావు. పెద్దది. ఐదో నెలలో, నేను బట్టలు మడతపెడుతుంటే గబుక్కున పడి, చేసిన ఘనకార్యానికి తనే జడుసుకుని ఏడ్చింది. నువ్వున్నప్పటిలాగే ఎడమవైపుకు తల తిప్పుకునే పడుకుంటుంది. ఆవులిస్తే ముఖమంతా నోరే, అది అచ్చంగా నీ పోలిక. నేను పంపిన ఫోటోలో కుడివైపు ఉన్నది ఎవరని కూడా అడిగావు. దానికి జవాబు కూడా చివరికే. మరిచిపోయాననుకోకు.

పాలపొడి సరిగ్గా వస్తోందా, కేంద్రంలో ఎవరైనా విసుక్కుంటున్నారా అన్నావు. వస్తోంది. ఎవరూ విసుక్కోవడం లేదు. నువ్వు పనికి వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఇద్దర్నీ చెరో చేత్తో ఎత్తుకుని పోషకాహార కేంద్రానికి వచ్చావు గదా, అప్పటికి వాళ్ళు పుట్టి పద్దెనిమిది రోజులు. పెద్దదానికి బేసి నంబరు కార్డు, చిన్నదానికి సరి నంబరు కార్డు ఇచ్చారు. బేసి కార్డులను నెలలో మొదటి సోమవారం, సరి కార్డులను మొదటి గురువారం తూస్తారు. "ఒకే కడుపున పుట్టినవాళ్ళకి రెండు రోజులేమిటండీ, ఒకేసారి తూచెయ్యండి" అని నువ్వు వాదనకు దిగావు. తూకాలమ్మ కళ్ళజోడు మీంచి చూసి "కవలలని కాటాకి తెలియదు నాయనా" అంది. నీ నోరు మూయించిన మనిషిని అదే మొదటిసారి చూశాను.

పద్ధతి ఏమీ మారలేదు. పిల్లను తూచి, కార్డు మీద చుక్క పెడితేనే సరుకులు. పిల్లకు పాలపొడి డబ్బాలు, పిండి పొట్లాలు. పాలిచ్చే తల్లికి పప్పు, నూనె, గుడ్లు. ఇద్దరికి పాలిచ్చే తల్లికి రెండింతలు. హాలు కూడా అలాగే ఉంది. సున్నం రాలే గోడలు, రెండు బల్లలు, మూల నీళ్ళ డ్రమ్ము. దూలానికి వేలాడే గుండ్రటి కాటా, దాని కొక్కేనికి తెల్లగుడ్డ ఉయ్యాల. ఒక సంగతి నువ్వప్పుడు గమనించి ఉండవు. ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా ఆ గుడ్డలో పడుకోబెట్టగానే నోరు మూస్తుంది. ముల్లు ఆగేదాకా హాల్లో ఒక్క చప్పుడుండదు. తూకాలమ్మ పిల్ల వంక చూడదు, ముల్లు వంకే చూస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డ బరువూ ఆవిడకు తెలుసు, ఒక్క బిడ్డ ముఖమూ తెలియదు. ఆవిడ పెన్సిలుతో చుక్క పెడితే కిటికీ వెనక ముద్రల మాస్టారు ముద్ర వేసి సరుకులు ఇస్తాడు.

ఇప్పుడు నా బెంగ చెబుతాను. పెద్దది పెరగడం ఆగిపోయింది. మూడో నెలలో నాలుగు కిలోల ఆరు వందలు ఉండేది. నాలుగో నెలలో ఐదు కిలోల వంద. తర్వాత ఐదు మూడు వందలు, ఆ తర్వాత రెండు నెలలు ఐదు నాలుగు వందల దగ్గరే ఉండిపోయింది. కార్డు మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుంటాయి గదా, దాని గీత ఆకుపచ్చలోంచి పసుపులోకి దిగింది. ఎరుపులో పడి లేవకపోతే పిల్లను పెద్దాసుపత్రి వార్డులో చేర్చమంటారు. మన వీధి చివర దర్జీ కూతురు అలాగే వెళ్ళింది, తిరిగి రాలేదు. డాక్టరమ్మ గుండె చూసింది, కడుపు చూసింది. "జబ్బేమీ లేదమ్మా, తిండి చాలడం లేదు" అంది. రోజుకు పదిసార్లు పాలు పడుతున్నాను బావా. డబ్బాలు ఖాళీ అవుతున్నాయి, పిల్ల చెయ్యి మాత్రం వదులు మేజోడులా వేలాడుతోంది.

గురువారం గీత మాత్రం నిక్షేపంగా ఎక్కింది. నాలుగు ఏడు వందలు, ఐదు ఆరు వందలు, ఆరు రెండు వందలు, ఆరు ఎనిమిది వందలు. పోయిన నెల ఏడు కిలోల మూడు వందలు. తూకాలమ్మ తల ఎత్తకుండానే "చిన్నది గట్టిపిండం అమ్మాయ్. నీ ధ్యాసంతా పెద్దదాని మీద పెట్టు" అంది. ఆ గురువారమే వరుసలో నా వెనక నిల్చున్న బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ జాలిగా చేతులు చాపింది. "ఇద్దర్నీ ఎంతసేపని మోస్తావు తల్లీ, ఒకదాన్ని ఇలా ఇవ్వు, కాసేపు పట్టుకుంటా."

నేను ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పాలి.

బావా, నేల మీదే ఉన్నావా? తాడు విప్పావా? పైన రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. రాయకుండా దాచిందే అబద్ధం. మన చిన్నది లేదు. నువ్వు వెళ్ళిన ముప్పై నాలుగో రోజున పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు పొద్దున పది గంటలకు, ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చిన వేళ, నా ఒళ్ళోనే. డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు పరిగెత్తాను. నావల్ల అయినది ఏదీ మానలేదు. ఆ మాట నువ్వు నమ్మాలి, నేనింకా నమ్మలేకపోతున్నాను.

నీకు రాయొద్దన్నది అత్త. "ఎత్తు మీద పనిచేసేవాడికి చావు కబురు పంపకూడదే. వాడి కాలు వణికిందంటే ఇంకొకర్ని పోగొట్టుకుంటాం. దిగి వచ్చాక చెబుదాం" అంది. ఆవిడను తప్పుపట్టకు, ఆవిడ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చిన ఏడుపు నేను చూశాను. ఆ తర్వాత ఐదు ఉత్తరాల్లో "పిల్లలు క్షేమం" అని రాసింది మాత్రం నేనే. ఆ తప్పు నాది.

మరి గురువారం తూగింది ఎవరంటావు. మొదటిసారి నేను కార్డు తిరిగి ఇచ్చేద్దామనే వెళ్ళాను. ఇంట్లో అత్త లేవలేని స్థితిలో ఉంది, అందుకని పెద్దదాన్ని చంకనేసుకుని వెళ్ళాను. నా వంతు వచ్చింది. తూకాలమ్మ నా చేతిలో కార్డు తీసుకుంది, చంకలో పిల్లను తీసుకుంది, గుడ్డలో వేసింది, చుక్క పెట్టింది. నేను నోరు పెగుల్చుకునేలోపు సంచి నిండింది. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే అత్త మంచం మీంచే "పోయినవాళ్ళు తాగుతారా ఏమన్నానా. ఉన్నపిల్ల తాగుతుంది, ఉంచు" అంది. ఆ మాట సబబుగానే తోచింది. తర్వాత నెల నుంచి తెలిసే చేశాను. సోమవారం పెద్దది పెద్దదిగా, గురువారం పెద్దదే చిన్నదిగా.

మొదటిసారి వంద గ్రాముల తేడా ఎవరు పట్టించుకుంటారు? రెండోసారి అర కిలో వచ్చింది. మూడు రోజుల్లో అర కిలో ఎలా పెరుగుతుంది? కాటా పాతబడిందనుకున్నాను. ఆరో నెల గురువారం దారిలో పాత పేపర్ల కొట్టు దగ్గర ఆగి పిల్లను వాడి కాటా మీద పెట్టమన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి "కిలోకి ఎంత అడుగుతావమ్మా" అని వెకిలి నవ్వు నవ్వాడు గానీ తూచాడు. ఐదు కిలోల నాలుగు వందలు. అక్కడినుంచి కేంద్రానికి రెండు వందల అడుగుల దూరం ఉంటుంది. గడప దాటగానే చంకలో పిల్ల బరువెక్కింది. గుడ్డలో వేస్తే ఆరు ఎనిమిది వందలు. చప్పుడు చేయకుండా పడుకుని, తల కుడివైపుకు తిప్పుకుంది. చిన్నది అలాగే తిప్పుకునేది, నీకు గుర్తుందా?

చిన్నదాని కార్డు మీద వచ్చిన డబ్బాల పాలు పెద్దదానికి పడితే ఒంటబట్టేవి కావు. గటగటా తాగేది, అరగంటకే మళ్ళీ ఆకలి ఏడుపు. పోనుపోను తన డబ్బా పాలు తాగినా అంతే అయింది. నాకు తెలుసు బావా. ఏడో నెలకే నాకు తెలుసు. అయినా వెళ్ళాను. పాల కోసం కాదు, గుడ్ల కోసం కాదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, నేను గురువారం కోసం ఎదురుచూసేదాన్ని. ఆ రోజు తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకునేదాన్ని. ముల్లు పైకి పోతుంటే నా కడుపు చల్లబడేది. లోకమంతటిలో నా చిన్నది ఆ కార్డు మీద ఒక్కచోటే పెరుగుతోంది, దాన్ని ఎలా ఆపను? ఇంట్లో ఉన్నది చిక్కిపోతుంటే, లేనిదాని బరువు చూసి మురిసిపోయాను. నువ్వు తిడితే పడతాను.

ఇస్త్రీ ఆవిడ "ఒకదాన్ని ఇలా ఇవ్వు" అన్న రోజున నా చంకలో ఉన్నది ఒక్కతే. ఆవిడ చేతులు చాపింది నా ఖాళీ భుజం వైపు.

అప్పటికీ బుద్ధి రాలేదు. నీ ఉత్తరంతో వచ్చింది. ఆరో నెలలో స్టూడియోకి వెళ్ళి పెద్దదాన్ని ఒక్కదాన్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీయించిన ఫోటో అది. రెండోది నిద్రపోతోంది అని అబద్ధం రాద్దామనుకుని, అదీ రాయలేక ఊరికే పంపాను. నువ్వేమో "ఎడమవైపుది మూతి ముడుచుకుంది, కుడివైపుది నవ్వుతోంది, ఆ నవ్వేది ఎవరే" అని రాశావు. చదివి ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టేశాను. ఆ తర్వాత వచ్చిన సోమవారం పెద్దది వంద గ్రాములు తగ్గింది. ఐదు కిలోల మూడు వందలు. తూకాలమ్మ పెన్సిలు ఎర్రపట్టీలో చుక్క పెట్టింది. "వారం చూస్తా. వచ్చే సోమవారానికి లేవకపోతే వార్డుకి చీటీ రాస్తా" అంది.

గురువారం పెద్దదాన్ని అత్త దగ్గర వదిలి, చిన్నదాని కార్డూ సగం మిగిలిన డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. వరుసలో ఇస్త్రీ ఆవిడ నన్ను చూసి పలకరింపుగా నవ్వింది. "ఇవాళ ఒకదాన్నే తెచ్చావేం?" అంది. నా చేతుల్లో కార్డూ డబ్బా తప్ప ఏమీ లేవు బావా. నేను ముందుకు నడిచాను. భుజం గుంజుతోంది.

తూకాలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు, కాగితాలు సర్దుకుంటూ విన్నది. "నేను కాటా చెప్పిందే రాశాను అమ్మాయ్, నువ్వు చెప్పింది కాదు" అంది. కిటికీలోంచి ముద్రల మాస్టారు ఇదంతా పైవాళ్ళకి రాయాల్సి ఉంటుందని గొణిగాడు. "రాయి. తల్లి చేసినదానికి పెద్దపిల్ల పాలు ఆపే రూలు మాత్రం లేదు" అని ఆవిడే వాడి నోరు మూయించింది. తర్వాత కార్డు తెరిచి, "మూసే కార్డుకి ఆఖరి గడి ఖాళీగా ఉండకూడదు. ఉత్త కాటా తూచి సున్నా రాయాలి" అని లేచి ఉయ్యాల గుడ్డ దులిపి కొక్కేనికి తగిలించింది.

ముల్లు సున్నా మీద లేదు. ఏడు కిలోల ఐదు వందల మీద ఉంది.

ఆవిడ గుడ్డ విప్పింది, మళ్ళీ దులిపింది, మళ్ళీ తగిలించింది. ఏడున్నరే. ఫ్యాను ఆపించింది. పిల్లల ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తూకాలమ్మ ముల్లు మీంచి కళ్ళు తిప్పి, మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "నాకు ముల్లు చదవడం ఒక్కటే వచ్చు తల్లీ. మిగతాది నీ చేతిలో పని" అంది.

నేను గుడ్డలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అక్కడ అంతమంది ఉన్నారని కూడా లేకుండా వంగి దానితో మాట్లాడాను. "నా బంగారూ, నువ్వు పెరిగావు, అమ్మ చూసింది, తూకాలమ్మ రాసింది. ఇక అక్కది అక్కకి ఇచ్చెయ్" అన్నాను. ముల్లు కదిలింది. ఏడు, ఆరు, ఐదు, అలా దిగుతూ వచ్చి మూడు కిలోల నాలుగు వందల దగ్గర ఆగిపోయింది. అది బతికుండగా తూచిన ఆఖరి బరువు. అంతవరకూ దానిది, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు. ఇక నేను వదలాలి. గడప దాటే బిడ్డను వెళ్ళిరా అంటాం గదా. నాకు తెలిసి మొదటిసారి, వెళ్ళమ్మా అని మాత్రమే అన్నాను. చెయ్యి తీశాను. గుడ్డ చల్లబడింది. ముల్లు సున్నాకి వచ్చింది. తూకాలమ్మ సున్నా రాసింది, రాసేటప్పుడు ఆవిడ పెన్సిలు విరిగింది, ఇంకోటి అడిగి తీసుకుని పూర్తి చేసింది. "సోమవారం పెద్దదాన్ని తీసుకురా. ముఖం చూస్తాను" అంది.

నిన్న ఆ సోమవారం. ఐదు కిలోల ఏడు వందలు. తూకాలమ్మ ముల్లు చూసి, తర్వాత వంగి పెద్దదాని ముఖం చూసింది. అది ఆవిడ కళ్ళజోడు లాగబోయింది. నాలుగు వందల గ్రాములు ఎక్కువేం కాదంటావేమో, నేను హాలు బయట మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషానికీ ఏడ్చాను, దుఃఖానికీ ఏడ్చాను. రాత్రి పాలు తాగి తెల్లారేదాకా లేవలేదు, ఎడమవైపుకు తిరిగి పడుకుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఫోటోలో కుడివైపు ఉన్నది చిన్నది బావా. నా దగ్గరున్న కాపీలో అక్కడ నా చీర కొంగు తప్ప ఏమీ లేదు. నువ్వు ఆ ఫోటోని చొక్కా జేబులో పెట్టుకుని రోజూ టవరు ఎక్కుతున్నానని రాశావు. ఒళ్ళు బరువెక్కిందని, తాడు కిర్రుమంటోందని కూడా ఆ ఉత్తరంలోనే రాశావు. ఇప్పుడు ఆ ఫోటో తీసి చూడు. అందులో ఒక్కతే ఉంటే, అక్కడే కూర్చుని కరువుదీరా ఏడు, నేనూ ఇక్కడ ఏడుస్తున్నాను. ఇద్దరూ ఉంటే, కుడివైపుది ఇంకా నవ్వుతుంటే, నువ్వు దాన్ని కసరొద్దు. ఇరవై రోజులే ఎత్తుకున్నావు, కాస్తసేపు ఒళ్ళో పెట్టుకో, మాట్లాడు, పాలడిగితే నీ దగ్గర లేవని చెప్పు. తర్వాత నీ పెట్టెలో మడత బట్టల మీద మెత్తగా పడుకోబెట్టు. జేబులో పెట్టుకుని మాత్రం ఎక్కకు. అది పెరిగే పిల్ల. నీ నడుం తాడు నీ ఒక్కడి బరువుకే కట్టింది.

ఇక్కడ అత్త, నేను, పెద్దది, ముగ్గురం క్షేమం. నువ్వు నేల మీద క్షేమంగా కూర్చుని ఉన్నావనే తలుస్తున్నాను.

ఇట్లు,
నీ మరదలు,
నీ ఇద్దరు కూతుళ్ళ తల్లి.